ఇంటి దొంగలే గెలుస్తారు

2024 మే 19. తెల్లవారుజామున నాలుగు దాటింది. మా అపార్టుమెంటు మొత్తంలో దీపం వెలుగుతున్నది మా ఇంట్లో ఒక్కచోటే. టీవీలో రియాద్, హెవీవెయిట్ బాక్సింగ్ ప్రపంచ టైటిల్ పోరు, తొమ్మిదో రౌండ్. ఒలెక్సాండర్ ఉసిక్ ఎడమచేయి తగిలాక టైసన్ ఫ్యూరీ కాళ్లు అతని మాట వినడం మానేశాయి. 206 సెంటీమీటర్ల మనిషి ఒకవైపు తాళ్ల మీద పడి, అక్కడి నుంచి ఇంకోవైపు తాళ్ల మీదికి, కల్లు దుకాణం నుంచి గోడలు పట్టుకుని ఇల్లు చేరుతున్నవాడిలా తూలుతూ పోతున్నాడు. తాళ్లే లేకపోతే కిందపడేవాడని తేల్చుకుని రిఫరీ అంకెలు లెక్కపెట్టాడు. కాసేపటికే గంట మోగింది.

పక్కన కూర్చున్న మా బావమరిది టీ గ్లాసు కింద పెట్టి, "ఇంకో పది కిలోలు పెంచుకుని వచ్చి ఉంటే మీద పడి నలిపేసేవాడు బావా" అన్నాడు.

ఏడు నెలల తరువాత, డిసెంబరు 21న, ఫ్యూరీ అచ్చం మా బావమరిది సలహా విన్నట్టే వచ్చాడు. మేలో 262 పౌండ్లు తూగినవాడు ఈసారి 281. బట్టలు విప్పకుండానే తూకం ఎక్కాడనుకోండి, అయినా పెరిగిన బరువు కంటికి కనిపిస్తూనే ఉంది. మొదటి పోరులో ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరైనా ఫ్యూరీ వైపు మొగ్గారు. రెండో పోరులో ముగ్గురూ 116-112 అని రాశారు, ముగ్గురూ ఉసిక్ వైపే. బరువుతో పాటు ఓటమి తేడా కూడా పెరిగింది.

హెవీవెయిట్‌లో ఒకడు పాతుకుపోయిన ప్రతిసారీ వినిపించే సలహాలు ఇవే. ఇంకా బలంగా రా. ఇంకా గట్టిగా కొట్టు. భయపడకు. నీ ఆట నువ్వు ఆడు. ఈ చివరిదైతే నాకు ఒళ్లు మండిస్తుంది. వాడి ఆట వాడు ఆడబట్టే ఛాంపియన్ ఇంతకాలం నిలబడ్డాడు. ఒక్కొక్కరూ తమ ఆట తాము ఆడుకుంటూ వచ్చి, వరసగా ఓడి వెళ్లిపోయారు. నేను చూసినంతలో, చదివినంతలో, పాతుకుపోయిన ఛాంపియన్‌ను పెకలించినవాడు అతని అలవాట్లు ఎరిగినవాడే. ఆ ఎరుకకు ఏళ్లు పడుతుంది. పోరు ఖాయమయ్యాక పెట్టే పది పన్నెండు వారాల శిబిరంలో అది దొరకదు.

ఈ మాట ఇంత ధీమాగా అనడానికి నాకున్న అర్హత చాలా చిన్నది, చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా కూడా ఉంటుంది. పదిహేడేళ్ల వయసులో విశాఖపట్నంలో రెండేళ్లు బాక్సింగ్ నేర్చుకున్నాను. జిల్లా పోటీల్లో నా ఎదుటికి వచ్చిన కుర్రవాడిది ఎడమచేతి వాటం. అంతవరకు అలాంటివాడితో నేను ఒక్క రౌండు కూడా ఆడలేదు. మా వ్యాయామశాలలో అందరిదీ కుడిచేతి వాటమే. గంట మోగిన పది సెకన్లలోనే అతని పాదం తొక్కాను. సారీ చెప్పాను. మళ్లీ తొక్కాను. కుడిచేతివాళ్లు ఇద్దరూ ఎడమకాలు ముందుకు వేసి నిలబడతారు కాబట్టి పాదాల మధ్య దారి ఉంటుంది. ఎడమచేతివాడు కుడికాలు ముందుకు వేస్తాడు. ఇద్దరి ముందుకాళ్లూ ఒకే గీత మీదికి వచ్చి, ఇరుకు సందులో ఎదురుపడిన రెండు స్కూటర్లలా ఆగిపోతాయి. ఎవరి పాదం అవతలివాడి పాదానికి బయటివైపు పడుతుందో, వాడి వెనకచేతికి నేరుగా ముఖం దాకా బాట దొరుకుతుంది. ఇది ఆ కుర్రవాడికి తెలుసు. నాకు తెలియదు. మూడు రౌండ్లూ అతని ఎడమచేయి నా ముక్కు మీదికి కబురు పెట్టినట్టు వస్తూనే ఉంది.

మూలకు వచ్చి కూర్చున్నప్పుడు మా కోచ్ గారు ముఖం తుడుస్తూ, "నువ్వు వాడి చేతులు చూస్తున్నావురా. కాలు చూడు, కాలు" అన్నారు. చూశాను. చూస్తే ఏమిటి లాభం? నా కాలికి ఆ పని రాదు. తెలిసిన విషయానికీ కాలికి వచ్చిన విషయానికీ మధ్య ఉన్న దూరం ఎంతో ఆ రోజు మూడు రౌండ్లలో తెలిసింది.

ఆంథొనీ జాషువా 2021 సెప్టెంబరులో టాటెన్‌హామ్ మైదానంలో ఎడమచేతి వాటం ఉసిక్ ముందు నిలబడినప్పుడు నాకు నా పాదాలే గుర్తుకొచ్చాయి. జాషువా ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాడు, నాతో పోలికేమిటని నవ్వుకోవచ్చు. కానీ ఆ పోరులో అతని ముందుకాలు చూడండి. ఉసిక్ ప్రతిసారీ చిన్న అడుగుతో బయటికి జరుగుతాడు, జాషువా ఆ తరువాత తిరుగుతాడు. ఆ అర సెకను ఆలస్యం పన్నెండు రౌండ్లకు పోగుపడి పెద్ద అప్పయింది. జాషువాకు తెలివి లేక కాదు. అప్పటికి ఎనిమిదేళ్లుగా అతని కాళ్లు వేరే రకం మనుషుల కోసం తయారయ్యాయి.

ఇక్కడ శిబిరం అనే మాట గురించి కాస్త చెప్పాలి. పోరు ఖాయమైతే బాక్సరు కొండల్లోనో ఎడారిలోనో ఒక చోటు చూసుకుంటాడు. పరుగు, బరువులు, తిండి, నిద్ర అన్నీ లెక్క ప్రకారం నడుస్తాయి. మధ్యలో స్పారింగ్. ఛాంపియన్‌ను పోలినవాళ్లను డబ్బిచ్చి రప్పించి, అతనిలా ఆడమంటారు. ఎత్తు కలుస్తుంది, వాటం కలుస్తుంది, ఒకటి రెండు పోకడలు కూడా కలుస్తాయి. అయినా అది వేషమే. వేషగాడు కిరీటం పెట్టుకుంటే మాటతీరు రావచ్చు గానీ రాజు ఎప్పుడు కోపగిస్తాడో వాడికి తెలియదు. ఉసిక్ ఉత్తుత్తి కదలికలను ఎవరైనా అనుకరించవచ్చు. వాటిలో ఏది నిజం దెబ్బగా మారుతుందో, ఎనిమిదో రౌండ్ తరువాత వేగం ఎందుకు పెరుగుతుందో అద్దెకు తెచ్చుకున్నవాడు చూపించలేడు. పైగా బరువు పెరిగేకొద్దీ పోలినవాళ్లు దొరకడమే కష్టం. నిజామాబాద్ నుంచి వెళ్లి 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత అయిన నిఖత్ జరీన్‌ది 52 కిలోల విభాగం. ఆ బరువుల్లో మన దేశంలో తలపడేవాళ్లు ఉన్నారు. 91 కిలోలు దాటాక చూడండి. ఆ బరువులో ఒలింపిక్స్‌కు అర్హత పొందిన మొదటి భారతీయుడు సతీశ్ కుమార్ 2021లో టోక్యోలో అంతకుముందు పోరులో పడిన గాయాలకు కుట్లు వేయించుకుని మరీ క్వార్టర్ ఫైనల్ ఆడాడు. ఎదురుగా ప్రపంచ విజేత, ఉజ్బెకిస్తాన్ ఎడమచేతివాటం ఆటగాడు బఖోదిర్ జలొలొవ్. ఎత్తు రెండు మీటర్ల పైమాటే. 5-0తో ఓడాడు. ఆ ధైర్యానికి చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ జలొలొవ్ లాంటివాడు టోక్యోకు ముందు సతీశ్‌కు మన దేశంలో స్పారింగ్‌కు ఎక్కడ దొరుకుతాడు?

మరి ఏళ్ల తరబడి తయారైనవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే, నాకు అందరికన్నా ముందు గుర్తుకు వచ్చేవాడు జీన్ టన్నీ. 1921 జులై 2న జెర్సీ సిటీలో ఛాంపియన్ జాక్ డెంప్సీ, జార్జ్ కార్పెంటియర్ తలపడినప్పుడు అదే రింగులో అంతకుముందు జరిగిన చిన్న పోరుల్లో టన్నీది ఒకటి. తన పని ముగించుకున్నాక డెంప్సీని చూశాడు. డెంప్సీ నాలుగో రౌండులో గెలిచాడు, ప్రపంచమంతా ఆ నాకౌట్ గురించే మాట్లాడుకుంది. టన్నీ మాత్రం కార్పెంటియర్ కుడిచేయి డెంప్సీని తాకిన క్షణం మూటకట్టుకుని ఇంటికి వెళ్లాడు. నేరుగా వచ్చే కుడిచేయి ఈ మనిషికి తగులుతుందన్నమాట. అప్పటి నుంచి అయిదేళ్లు. సినిమా రీళ్లు చూశాడు, డెంప్సీతో ఆడినవాళ్లను పిలిచి వాళ్లతో తలపడ్డాడు, వాళ్ల నోటి నుంచి వివరాలు రాబట్టాడు.

ఈ అయిదేళ్ల మధ్యలో ఇంకొకటి జరిగింది. నా దృష్టిలో అసలు పాఠం అదే. 1922 మే నెలలో హ్యారీ గ్రెబ్ అనే, తనకన్నా చిన్న శరీరం ఉన్న బాక్సర్ చేతిలో టన్నీ చావుదెబ్బ తిన్నాడు. ముక్కు విరిగింది, రింగంతా రక్తం. ఈ రోజుల్లో అయితే ప్రమోటరు ఆ ఆటగాడిని రెండేళ్లు దాచిపెట్టి, తేలిక ప్రత్యర్థులతో పరువు తిరిగి కట్టించేవాడు. టన్నీ గ్రెబ్‌తోనే మరో నాలుగుసార్లు ఆడాడు, మళ్లీ ఓడలేదు. తనను ఓడించిన మనిషిని విప్పి చూసి, మళ్లీ బిగించడం ఎలాగో అక్కడ నేర్చుకున్నాడు. 1926 సెప్టెంబరు 23న ఫిలడెల్ఫియాలో లక్షా ఇరవై వేల మంది చూస్తుండగా, వానలో, పది రౌండ్ల పాటు డెంప్సీని అదే కుడిచేత్తో, అదే కాళ్లతో తిప్పి తిప్పి గెలిచాడు. డెంప్సీ అంతకుముందు మూడేళ్లుగా టైటిల్ కోసం ఆడలేదన్నది నిజమే, తుప్పు పట్టి ఉన్నాడు. ఆ తుప్పు ఎక్కడ పట్టిందో కూడా టన్నీకి తెలుసు.

జర్మన్ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్ కథ ఇంతకన్నా చిన్నది. 1935 డిసెంబరులో జో లూయిస్ ఆడుతుండగా రింగు పక్కన కూర్చుని చూశాడు. లూయిస్ ఎడమచేత్తో జాబ్ (ముందుచేత్తో వేసే సూటి దెబ్బ) విసిరి వెనక్కి తీసుకునేటప్పుడు ఆ చేయి గడ్డం దగ్గరికి చేరకుండా కిందికి జారుతోంది. ఆ ఖాళీలోకి కుడిచేయి వేయవచ్చు. విలేఖరులు అడిగితే ఏదో కనిపించింది అన్నాడు గానీ ఏమిటో చెప్పలేదు. లూయిస్ అప్పటికింకా ఛాంపియన్ కాలేదు, కానీ ఓడిపోవచ్చని ఎవరూ అనుకోని మనిషి. 1936 జూన్‌లో యాంకీ స్టేడియంలో నాలుగో రౌండులో ఆ కుడిచేయి పడింది, లూయిస్ కింద పడ్డాడు. పన్నెండో రౌండులో మొత్తంగా కూలాడు.

రెండేళ్లకు, 1938లో, ఛాంపియన్ హోదాలో లూయిస్ మళ్లీ ఎదురై ష్మెలింగ్‌ను 124 సెకన్లలో ముగించాడు. ఆ పోరు చుట్టూ హిట్లర్, అమెరికా, జాతి అంటూ ఎన్నో ఉన్నాయి, అవి వేరే వ్యాసం. నాకు కావలసింది ఒక్క సంగతి. లూయిస్ తన పాత తప్పును దిద్దుకుని వచ్చాడు. అంటే ఎరుక కూడా పాలలాంటిది, నిలవ ఉంచితే విరిగిపోతుంది. ఛాంపియన్‌ను చదివినవాడు అదను దొరకగానే కొట్టాలి. రెండో అవకాశం వచ్చేసరికి పుస్తకమే మారిపోతుంది.

ఇక ఈ వ్యాసానికి పేరు తెచ్చిన కథ. వ్లాదిమిర్ క్లిచ్కో 2006 ఏప్రిల్ నుంచి 2015 నవంబరు వరకు తొమ్మిదిన్నరేళ్లు ఛాంపియన్‌గా ఉన్నాడు. 18 సార్లు టైటిల్ నిలుపుకున్నాడు. అతని ఆట చూడటానికి విసుగ్గా ఉండేది, నిజం చెప్పాలంటే కొన్నిసార్లు నిద్ర వచ్చేది. ఎడమచేత్తో దూరం కొలవడం, కొలత కుదిరితే కుడిచేయి, అవతలివాడు దగ్గరికి వస్తే కౌగిలించుకుని మీద బరువు వాల్చేయడం. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అతనికన్నా పొట్టివాళ్లు. లోపలికి దూరాలి అనుకుంటూ వచ్చి, దూరలేక పోయేవారు.

2004 తరువాత క్లిచ్కోను ఓడించినవాళ్లు ఇద్దరే. ఒకడు ఫ్యూరీ, రెండోవాడు జాషువా. ఇద్దరూ ఒకప్పుడు క్లిచ్కో శిబిరంలో ఉన్నవాళ్లు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు. ఫ్యూరీ 2010లో క్లిచ్కో కోచ్ ఎమాన్యుయెల్ స్టీవర్డ్ దగ్గరికి వెళ్లి, ఆ పరిచయంతో శిబిరంలో అడుగుపెట్టాడు. అక్కడి ఆవిరి గది కథ ఫ్యూరీ ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఒక్కొక్కరే వేడి తట్టుకోలేక బయటికి వెళ్లిపోగా చివరికి తామిద్దరే మిగిలారని, క్లిచ్కో లేచి వెళ్లేదాకా తాను కదలలేదని. ఫ్యూరీ చెప్పే కథల్లో ఉప్పూ కారం ఎంత కలుస్తాయో మనకు తెలుసు. అయినా ఆ కథలో నాకు నచ్చింది వేరే ఉంది. ఇరవై రెండేళ్లకే ఆ కుర్రవాడు ఛాంపియన్‌ను ఒక మనిషిగా చూశాడు. చెమట పట్టే మనిషి, ఓడిపోవడం ఇష్టం లేని మనిషి, అన్నీ తన పద్ధతిలో జరిగితేనే కుదుటపడే మనిషి.

2015 నవంబరు 28న డసెల్‌డార్ఫ్‌లో ఆ చివరి విషయం మీదే దెబ్బ పడింది. పోరుకు ముందు ఫ్యూరీ బృందం రింగు నేల మరీ మెత్తగా ఉందని, కాళ్లు కూరుకుపోతున్నాయని గొడవ పెట్టింది. అదనంగా వేసిన నురగ పొర తీసేయాల్సి వచ్చింది. పోరు రోజు రాత్రి క్లిచ్కో తన చేతులకు కట్లు కట్టుకుంటుంటే ఫ్యూరీ తరఫు మనిషి ఎవరూ అక్కడ లేరని అభ్యంతరం. కట్లు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. ఇవన్నీ చిల్లర తగాదాలని అప్పట్లో విసుక్కున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు చూస్తే అవి పోరులో భాగమే అనిపిస్తుంది. నేల తనది, జనం తనవాళ్లు, అలవాట్లు తనవి అనుకుంటూ పదేళ్లు గడిపినవాడి చుట్టూ ఒక్కొక్క గుంజా కదిపారు. రింగులో ఫ్యూరీ చేతులు వెనక్కి కట్టుకున్నాడు, వాటం మార్చాడు, తల ఊపాడు, నాలుక చాపాడు. క్లిచ్కో ఎడమచేత్తో కొలుస్తూనే ఉన్నాడు, కొలత ఎప్పటికీ కుదరలేదు. పన్నెండు రౌండ్లలో ఛాంపియన్ తగిలించిన దెబ్బలు 52. రౌండుకు అయిదు కూడా కాదు.

జాషువా 2014లో క్లిచ్కోకు స్పారింగ్ చేయడానికి ఆస్ట్రియా వెళ్లాడు. 2017 ఏప్రిల్‌లో వెంబ్లీలో తొంభై వేల మంది ముందు తలపడేసరికి బెల్టు జాషువాదే, తిరిగి రావాలనుకుంటున్నది క్లిచ్కో. లెక్క ప్రకారం పోటీదారు క్లిచ్కోయే. అయినా ఆరో రౌండులో నేల మీద పడి, లేచి, పదకొండో రౌండులో ముగించగలిగిన జాషువా ఆ పెద్దాయన దగ్గర ఏమీ నేర్చుకోలేదంటే నేను నమ్మను.

శిబిరానికి వెళ్లినవాళ్లందరూ గెలిచారా అంటే లేదు. ఎందరో వెళ్లారు, కూలి డబ్బులు తీసుకుని వచ్చేశారు. ఇల్లు చూసినంత మాత్రాన దొంగ కాలేరు, బీరువా తాళం చెవి ఎక్కడ పెడతారో చూడాలి.

నాతో వాదించేవాళ్లు ఎప్పుడూ రెండు పేర్లు తీస్తారు. మొదటిది బస్టర్ డగ్లస్. 1990 ఫిబ్రవరి, టోక్యో. మైక్ టైసన్ అప్పటికి 37 పోరుల్లో 37 గెలిచాడు. లాస్ వెగాస్‌లో పందేల ధర డగ్లస్ మీద 42కు 1, అది కూడా ఒకే ఒక్క చోట. పోరుకు 23 రోజుల ముందు డగ్లస్ తల్లి చనిపోయింది. ఆమె కోసమే గెలిచాడు అన్న కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ దుఃఖాన్ని తక్కువ చేయను. కానీ దుఃఖం ఎవరికీ జాబ్ నేర్పదు. ఆ పోరు మళ్లీ ఒకసారి శబ్దం తీసేసి చూడండి. టైసన్ కన్నా డగ్లస్ చేతుల నిడివి దాదాపు ఒక అడుగు ఎక్కువ. ఆ అడుగును అతను ప్రతి రౌండులోనూ వాడుకున్నాడు. జాబ్ వేసి ఆగిపోలేదు, దాని వెనకే కుడిచేయి, ఆపైన పక్కకు ఒక అడుగు. నేరుగా వెనక్కి వెళ్లేవాళ్లనే టైసన్ తినేస్తాడని అంతకుముందు పోరులన్నీ చెబుతూనే ఉన్నాయి. తన కోచ్ కెవిన్ రూనీని 1988 చివర్లో పంపించేశాక టైసన్ తల కదలడం తగ్గిందని, ఒక్కో దెబ్బే విసురుతున్నాడని కూడా చెబుతున్నాయి. చదివే ఓపిక ఉన్నవాడు చదివాడు.

అవతలి మూల ఎలా తయారై వచ్చిందో చూస్తే నవ్వూ జాలీ రెండూ వస్తాయి. కంటి వాపు అణచడానికి మూలలో పెట్టుకునే చల్లటి ఇనుప ముక్క ఒకటి ఉంటుంది. టైసన్ మనుషులు దాన్ని తేలేదు. రబ్బరు తొడుగులో మంచునీళ్లు పోసి కంటికి అద్దుతూ కూర్చున్నారు. ఎనిమిదో రౌండులో డగ్లస్ కింద పడి లేచాడు, పదో రౌండులో టైసన్ పడి, నేల మీద దొర్లిన పళ్ల తొడుగు కోసం తడుముకున్నాడు.

డగ్లస్ అంతకు మూడేళ్ల ముందు టోనీ టక్కర్ చేతిలో ఓడినవాడని జనం మరిచిపోతారు. బాగా ఆడుతూ ఆడుతూ పదో రౌండులో కూలిపోయాడు. ఊపిరి చాలకపోతే ఏమవుతుందో ఆ పదో రౌండు అతనికి చూపించింది. టోక్యోలో పదో రౌండు వచ్చేసరికి 105 కిలోల డగ్లస్ ఇంకా కాళ్ల మీద నాట్యం చేస్తున్నాడు. ఎనిమిది నెలలకు ఎవాండర్ హోలీఫీల్డ్ ముందుకు వచ్చినప్పుడు 111 కిలోలు దాటాడు, మూడో రౌండులో పడుకున్నాడు. ఒక మనిషి కోసం ఒక్కసారి తయారయ్యాడు, ఆ తయారీ ఆ రాత్రితో అయిపోయింది.

ఇక్కడే ఇప్పటి ప్రమోటర్ల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు. ఓటమి లేని రికార్డును పసిబిడ్డలా కాపాడుతారు. ఇరవై పోరులు, ఇరవై గెలుపులు, పద్దెనిమిది నాకౌట్లు అని పోస్టరు మీద వేస్తే టికెట్లు అమ్ముడుపోతాయి, అది వ్యాపారం, కాదనను. కానీ ఆ ఇరవై మందిలో ఎనిమిదో రౌండు దాకా నిలబెట్టినవాడు ఎవడు? కాళ్లు తికమక పెట్టినవాడు ఎవడు? చేత్తో తినిపించి పెంచిన పిల్లవాణ్ని ఒక్కసారిగా అడవిలో వదిలి, వేటాడుకుని రమ్మన్నట్టు ఉంటుంది. ఆ తరువాత ఓడిపోతే గుండె ధైర్యం చాలలేదంటారు. గుండెను ఎందుకు ఆడిపోసుకోవడం?

వాదించేవాళ్లు తీసే రెండో పేరు, ఊహించే ఉంటారు, అలీ. 1974 అక్టోబరు 30, కిన్షాసా. జార్జ్ ఫోర్‌మన్ 40 పోరులు ఆడి 40 గెలిచాడు, 37 నాకౌట్లు. అలీ తాళ్ల మీదికి ఒరిగి దెబ్బలు తింటుంటే అతని మూలలో ఉన్న ఏంజెలో డండీ బృందమే దిగిరమ్మని అరిచింది. చూశారా, అక్కడికక్కడ పుట్టిన ఆలోచన, తయారీ ఎక్కడుంది అంటారు. నేను వాళ్లను మొదటి రౌండు చూడమంటాను. అలీ జాబ్ కూడా లేకుండా నేరుగా కుడిచేత్తో మొదలుపెట్టాడు. ఆ దెబ్బకు చాలా దూరం రావాలి, మామూలుగా ఛాంపియన్ మీద ఎవరూ వేయరు, అవమానించినట్టు ఉంటుంది. ఫోర్‌మన్‌కు అది తగిలింది, కోపమూ వచ్చింది. రెండో రౌండు నుంచి ఆ కోపాన్ని తాళ్ల మీద పడుకుని ఖర్చు చేయించాడు అలీ. అప్పటికి అలీ ఫ్రేజియర్ చేతిలో ఓడినవాడు, నార్టన్ చేతిలో దవడ విరిగినవాడు. దెబ్బ తిని నిలబడటం ఎలాగో తన శరీరానికి తెలుసని అతనికి తెలుసు. పదిహేనేళ్ల జీవితం లోపల ఉంటేనే అలాంటి ఆలోచన అక్కడికక్కడ పుడుతుంది.

ఆండీ రూయిజ్ సంగతి కూడా ఇంచుమించు ఇంతే. 2019లో జాషువాతో ఆడాల్సినవాడు నిషేధిత మందుల పరీక్షల్లో దొరికిపోతే రూయిజ్‌ను కొద్ది వారాల ముందు పిలిచారు, జాషువాను ఏడో రౌండులో ఆపాడు. కొద్ది వారాల్లో ఏం తయారయ్యాడంటే, ఏమీ లేదు. అంతకు రెండున్నరేళ్ల ముందే ఆక్లండ్‌లో జోసెఫ్ పార్కర్‌తో టైటిల్ పోరు ఆడి వెంట్రుకవాసిలో ఓడాడు. తయారై ఉన్నవాడిని పిలిచారు, అంతే. ఆరు నెలల తరువాత సౌదీలో జరిగిన రెండో పోరుకు 283 పౌండ్లతో వచ్చాడు, ఓడిపోయాడు. పోరు తరువాత పోరు ఈ బరువు మాటే ఎందుకు వస్తోందో మా బావమరిదిని అడగాలి.

ఉసిక్ దగ్గరికి మళ్లీ వస్తాను. అతనితో రెండేసిసార్లు ఆడినవాళ్లు ముగ్గురు. ముగ్గురూ రెండుసార్లూ ఓడారు. నాకు వీళ్లలో కాస్త దగ్గరికి వచ్చాడనిపించింది 2022 ఆగస్టులో జెడ్డాలో జాషువా. కోచ్‌ను మార్చాడు, తలను వదిలి పొట్ట మీద కొట్టడం మొదలుపెట్టాడు. తొమ్మిదో రౌండులో ఉసిక్ మొదటిసారిగా వెనకడుగులు వేశాడు. నేను సోఫా అంచుకు జరిగాను. పదో రౌండులో ఉసిక్ అతని మీద వాన కురిపించాడు, ఆ రౌండు చూసినవాళ్లెవరూ మరిచిపోరు. జాషువాకు దారి దొరికింది, దొరికిన దారిలో అవతలివాడు ఏం చేస్తాడో మాత్రం తెలియదు. మొదటి పోరులోనే తెలుసుకోవలసింది రెండో పోరు తొమ్మిదో రౌండులో తెలిసింది. డేనియల్ డుబ్వా 2023లో వ్రోట్స్వాఫ్‌లో అదే పొట్ట మీద, బెల్టు గీత దగ్గర, ఒక దెబ్బ కొట్టాడు. అది కింద పడిందా సరిగ్గా పడిందా అన్న తగాదా ఇంకా తెగలేదు. 2025 జులైలో వెంబ్లీలో మళ్లీ కలిస్తే అయిదో రౌండులోనే ముగిసింది. మొదటిసారి తొమ్మిది రౌండ్లు నిలిచినవాడు రెండోసారి అయిదు. లూయిస్, ష్మెలింగ్ కథే మళ్లీ. ఉసిక్ కూడా చదువుతాడు, వీళ్లకన్నా వేగంగా చదువుతాడు.

నా చేతిలో ఒక ఇరవై రెండేళ్ల హెవీవెయిట్ ఉంటే ఏం చేసేవాణ్ని? పోస్టరు మీద రికార్డు గురించి మరిచిపొమ్మంటాను. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ఎక్కడ దొరికితే అక్కడ, చిన్న హాళ్లలో, చెడ్డ డబ్బుకు, ఓడే అవకాశం నిజంగా ఉన్న పోరులు ఆడిస్తాను. ఛాంపియన్ శిబిరంలో స్పారింగ్‌కు మనిషి కావాలంటే అందరికన్నా ముందు పంపిస్తాను, డబ్బు ఇవ్వకపోయినా. అక్కడ దెబ్బలు తిని వచ్చి రాత్రికి నోటు పుస్తకంలో రాయమంటాను: ఎప్పుడు ఊపిరి తీశాడు, ఏ దెబ్బ తరువాత నవ్వాడు, ఎవరి మాట విన్నాడు. పోరు రాత్రి మూలలో ఒక్క గొంతే వినపడాలి. రియాద్‌లో ఫ్యూరీ మూల నుంచి ఒకేసారి చాలా గొంతులు వినిపించాయి, ఆ చెవుల్లో ఏ మాట నిలుస్తుంది? ఇదంతా చేశాక కూడా ఓడిపోవచ్చు. అవతల ఉన్నవాడు ఛాంపియన్.

ఈ పద్ధతిలో ఉన్న పెద్ద చిక్కు నాకు తెలియనిది కాదు. ఒక్క మనిషి కోసం ఏళ్లు పెట్టి తయారైతే, ఆ మనిషి ఆగాలి కదా. ఉసిక్ పుట్టింది 1987 జనవరిలో. ఈ రోజు ఏదో ఊళ్లో అతని పాదాలు చూస్తూ ఎడమచేతివాళ్లతో కసరత్తు చేస్తున్న కుర్రవాడికి పిలుపు వచ్చేసరికి ఉసిక్ ఇంట్లో పిల్లలతో కూర్చుని ఉంటాడేమో.

నాకు అలాగే అయింది. జిల్లా పోటీల్లో ఓడాక మా కోచ్ గారు నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీశారు. అటూ ఇటూ నా కాళ్లు పెట్టించి, ఎక్కడి నుంచో ఒక ఎడమచేతి వాటం పోర్టు కార్మికుడిని పట్టుకొచ్చి, రోజూ సాయంత్రం అరగంట అతని ముందు నిలబెట్టారు. పదకొండు నెలలు. సుద్దగీత అరిగిపోతే మళ్లీ గీసేవారు. చివరికి నా ఎడమపాదం ఆలోచించకుండానే బయటివైపు పడటం నేర్చుకుంది. ముక్కు కూడా కాస్త శాంతించింది. మరుసటి ఏడాది పోటీలకు వెళ్లి జాబితా చూస్తే ఆ కుర్రవాడి పేరు మా విభాగంలో లేదు. ఏడాదిలో ఒళ్లు చేసి పై విభాగానికి వెళ్లిపోయాడు. దూరం నుంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు కూడా.

నా ఎదుటికి వచ్చినవాడిది కుడిచేతి వాటం. గంట మోగింది. నా ఎడమపాదం దానంతట అది బయటికి వెళ్లిపోయింది, సరిగ్గా అతని కుడిచేయి ఉన్న వైపుకు.